మన ఇంటికి వచ్చే విదేశీ విద్యార్థినితో అనుబంధం కుదురుతుందా?

రోటరీ క్లబ్బుల యువజన మార్పిడి కార్యక్రమం (పిల్లలు వేరే దేశంలో ఒకరి తర్వాత ఒకరి ఇళ్లలో ఉండి చదువుకునే ఏర్పాటు) కింద ఆగస్టులో ఫ్రాన్స్ నుంచి పదహారేళ్ల అమ్మాయి మీ ఇంటికి వస్తోందని రాశారు. నాలుగు నెలలకే మరో ఇంటికి మారిపోయే పిల్లతో నిజంగా అనుబంధం ఏర్పడుతుందా, లేక హాస్టల్ నడిపినట్టు ఉంటుందా అని మీ సందేహం. 2018లో విజయవాడలోని మా ఇంటికి ఒక జర్మనీ అమ్మాయి ఇలాగే వచ్చింది. అదే ఏడాది మా అబ్బాయి ఇదే కార్యక్రమం కింద జర్మనీలో ఒకరింట్లో ఉన్నాడు. అందుకని నాకు రెండు వైపుల సంగతీ కొంత తెలుసు.

అనుబంధం ఏర్పడుతుంది. కాకపోతే మనం ఎదురు చూసే చోట కాదు.

ఈ పిల్లలు వచ్చేటప్పుడు ఒక ప్రశ్నల పట్టిక తెచ్చుకుంటారు. మొదటి రాత్రే కూర్చుని అవన్నీ అడగాలని ముందే వాళ్లకు చెప్పి పంపుతారు. ప్రయాణ బడలికతో కళ్లు మూతలు పడుతున్నా ఆ అమ్మాయి కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగింది. మిమ్మల్ని ఏమని పిలవాలి? మాసిన బట్టలు ఎక్కడ వేయాలి? స్నానానికి ఏ వేళకు వెళ్లాలి? ఇంట్లో నా పని ఏమిటి?

అమ్మా అని పిలిపించుకోవాలని నాకు ఉబలాటంగా ఉంది. మా అత్తయ్య అడ్డుపడ్డారు. "వాళ్లమ్మ అక్కడ నిక్షేపంలా ఉంటే నువ్వు అమ్మవెలా అవుతావు? పిన్ని అనమను" అన్నారు. ఎంత మంచి మాట అన్నారో నాకు తర్వాత అర్థమైంది. వచ్చిన వారానికే ఫొటో తీసి "మా కూతురు" అని బంధువులందరికీ పంపేవాళ్లను చూశాను. పాపం, ఆ పిల్లకు అప్పటికి మన ఇంట్లో ఏ స్విచ్ వేస్తే ఏ ఫ్యాను తిరుగుతుందో కూడా తెలియదు.

పని సంగతి అడిగినప్పుడు మాత్రం తప్పు చేశాను. "నీకు పనేమిటమ్మా, హాయిగా కూర్చో" అన్నాను. పది రోజులు తిరగకుండానే ఆమె మంచిచెడ్డలు చూడటానికి రోటరీ క్లబ్బు వారు నియమించిన కౌన్సెలర్ ఫోన్ చేశారు. వాళ్లింట్లో నేను చుట్టాన్నే, ఎవరూ నన్ను ఏమీ చేయనివ్వరు అని పిల్ల బాధ పడుతోందట. మర్నాడు అత్తయ్య ఒక గోంగూర కట్ట తెచ్చి ఆమె ముందు పడేశారు. ఇద్దరికీ కలిసే భాష ఒక్కటీ లేదు. ఆవిడ ఆకు తుంచి చూపిస్తే ఈమె తుంచేది. కాడలు కూడా గిన్నెలో వేస్తే చేతి మీద చిన్న దెబ్బ పడేది. ఆమెకు తెలుగు వచ్చింది ఆ కట్టల ముందే. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు 'అండీ' చేర్చాలని చెప్పాం. కొన్నాళ్లపాటు పెరట్లోకి వచ్చే పిల్లిని కూడా "రండి, కూర్చోండి" అని పిలిచేది.

అసలు చిక్కంతా అన్నం దగ్గర వచ్చింది. మనం వద్దంటాం, ఎదుటివాళ్లు మళ్లీ అడుగుతారు, మళ్లీ వద్దంటాం, అప్పుడు వేయించుకుంటాం. మా వాడు అక్కడ మొదటి రాత్రి ఇదే లెక్కతో "వద్దండి" అన్నాడు. ఆ ఇంటావిడ సరేనని బ్రెడ్డు బుట్ట తీసి లోపల పెట్టేసింది. జర్మనీలో చాలా ఇళ్లలో సాయంత్రం భోజనమంటే బ్రెడ్డు, చీజు, చల్లటి మాంసం ముక్కలే. దాని పేరే అబెండ్‌బ్రోట్, సాయంత్రపు రొట్టె అని. ఆ రాత్రి వాడు ఆకలితో పడుకున్నాడు. ఇక్కడ ఈ పిల్ల వద్దు అన్నాక కూడా అత్తయ్య మరో గరిటె వేసేవారు. వదిలేస్తే తప్పనుకుని ఆమె మొత్తం తినేది. మూడో వారంలో కడుపు పట్టుకుని కూర్చుంది. మా వాడి ఫోనూ ఈ కడుపు నొప్పీ ఇంచుమించు ఒకే సమయంలో రావడంతో నాకు విషయం తెలిసింది. అప్పటి నుంచి మా ఇంట్లో వద్దంటే వద్దు, అంతే. అత్తయ్యకు మాత్రం ఆ నియమం చివరిదాకా మింగుడుపడలేదు. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు ఉంటే ఈ సంగతి మొదటి రోజే తేల్చుకోండి.

కాగితాల పని వాయిదా వేయకండి. విదేశీయులు ఇంట్లో దిగినప్పుడు ఆ వివరాలు 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో తెలపాల్సింది ఇంటివాళ్లే. మా అప్పట్లో దాన్ని ఫారం సి అనేవారు. వీసా 180 రోజులకు మించితే వచ్చిన 14 రోజుల్లోగా నమోదు కూడా చేయించాలి. ప్రస్తుత పద్ధతి ఏమిటో మీ క్లబ్బులో అడగండి. బండి నడపకూడదన్నది ఈ పిల్లలకు ఖండితమైన నియమం. మా మరిది సరదాకు స్కూటీ తాళం ఇవ్వబోతే ఆ అమ్మాయే వెనక్కి ఇచ్చేసింది.

డిసెంబరు చివర రెండో ఇంటికి వెళ్లిపోయింది. ఆ ఇల్లు మాకు నాలుగు వీధుల అవతలే. అయినా వాళ్లు ఆమెను భవానీ ద్వీపానికి తీసుకెళ్లారని తెలిసి రెండు రోజులు ముభావంగా ఉన్నాను. మేము తీసుకెళ్లలేదు మరి. ఈ అసూయ మీకూ వస్తుంది, రానివ్వండి. ఆమె ముందు మాత్రం ఆ ఇంటి ఊసులు తవ్వకండి.

మే నెలలో మేము ఆవకాయ పెడుతున్న రోజున, అప్పటికి మూడో ఇంట్లో ఉన్న ఆ పిల్ల ఎవరూ పిలవకుండానే సైకిలు మీద వచ్చింది. సరాసరి వంటింట్లోకి వెళ్లి, గుడ్డ తీసుకుని అత్తయ్య పక్కన కూర్చుని మామిడి ముక్కలు తుడవడం మొదలుపెట్టింది. అంతా జాడీకి ఎత్తాక, పిండి అంటుకున్న బేసిన్‌లో వేడి అన్నం వేసి కలిపి అత్తయ్య అందరికీ ముద్దలు పెట్టారు. ఈమెకు ఒక్క ముద్దే పెట్టి ఆగిపోయారు, నా నియమం గుర్తొచ్చి కాబోలు. కళ్లలో నీళ్లు, ముక్కు ఎర్రగా, ఒక చేతిలో మంచినీళ్ల గ్లాసు. రెండో చెయ్యి చాచి, "ఇంకొంచెం అండీ" అంది.