పాఠకుల ప్రశ్నలు: ర్యాపిడ్ రివ్యూలో కత్తెర ఎక్కడ పడాలి?

ప్రశ్న: 65 ఏళ్లు దాటినవారు పడిపోకుండా వ్యాయామం ఎంతవరకు కాపాడుతుందో ఆరు వారాల్లో ర్యాపిడ్ రివ్యూ చేసి ఇమ్మన్నారు. మేం ఇద్దరమే. వైద్య పరిశోధన పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్‌లో వెతికితే వేలకొద్దీ పేపర్లు వచ్చిపడ్డాయి. ఏం తగ్గించుకోవాలి?

జవాబు: ముందు ప్రశ్నను తగ్గించండి. ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ పద్ధతిగా వెతికి, జల్లెడపట్టి, కలిపి చూసే సిస్టమాటిక్ రివ్యూ రిజిస్టరైన రోజు నుంచి అచ్చయ్యేదాకా సగటున 67 వారాలు పడుతోందని 2017లో ఒక లెక్క వచ్చింది. దాన్నే కుదించి త్వరగా చేసేది ర్యాపిడ్ రివ్యూ. ఆరు వారాల్లో ఇమడ్చాలంటే ఎక్కడో ఒకచోట కోత తప్పదు. ‘వ్యాయామం’ అన్నంత వెడల్పు మాటతో మొదలుపెడితే గడువు మీదికొచ్చాక చేతికందినచోటల్లా కోసేస్తారు. రివ్యూ అడిగినవారినే కూర్చోబెట్టి తేల్చుకోండి. సొంత ఇళ్లలో ఉండేవారి గురించా, ఆసుపత్రిలో ఉన్నవారి గురించా? బ్యాలెన్స్ వ్యాయామాలా, ఉత్త నడకా? దేనితో పోల్చాలి? దేన్ని ఫలితంగా లెక్కపెట్టాలి? చాలామంది బోల్తాపడేది ఈ ఆఖరి దాని దగ్గరే. ఒక పేపరు ‘మొత్తం ఎన్నిసార్లు పడ్డారు’ అని రాస్తుంది, మరొకటి ‘ఎంతమంది పడ్డారు’ అని. ఒక్క మనిషే నాలుగుసార్లు పడి ఉండొచ్చు కదా. ఈ రెండు లెక్కలూ కలిపి సగటు తీయడానికి లేదు. ఏది కావాలో ప్రోటోకాల్‌లోనే, అంటే ముందుగా రాసుకునే పని ప్రణాళికలోనే, రాసిపెట్టుకోండి.

తర్వాత, ఈ పని ఇప్పటికే ఎవరైనా చేశారేమో చూడండి. మీ అంశం మీద 108 ట్రయల్స్‌తో (చికిత్సలను పోల్చి పరీక్షించే అధ్యయనాలతో) 2019లోనే వైద్య రివ్యూలు చేసే కాక్రేన్ సంస్థ రివ్యూ వచ్చింది. అలాంటిది దొరికితే రివ్యూల నాణ్యతను కొలిచే ప్రశ్నావళి ఆమ్‌స్టార్ 2లోని 16 ప్రశ్నలతో పరీక్షించండి. నిలబడితే దాని తర్వాత వచ్చిన ట్రయల్స్ మాత్రం వెతికితే చాలు. వెతుకులాట మొదలుపెట్టాల్సింది ఆ రివ్యూ అచ్చయిన సంవత్సరం నుంచి కాదు, వాళ్లు ఆఖరిసారి డేటాబేస్ వెతికిన తేదీ నుంచి. ఈ రెండింటి మధ్య నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా గడుస్తాయి. ఆ సందులో వచ్చిన ట్రయల్స్ ఎవరికీ చిక్కకుండా పోతాయి.

ఇక ఆ వేల పేపర్ల సంగతి. ‘ఫాల్’ అన్న ఇంగ్లిష్ మాట చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతికారేమో చూసుకోండి. అలా పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలన్నీ వస్తాయి: ఫాలోపియన్ ట్యూబులూ, పసిపిల్లల గుండె జబ్బు టెట్రాలజీ ఆఫ్ ఫాలో కూడా. పైగా ‘ఫెల్’ అని రాసిన పేపర్లు దానికి అందవు. ఫాల్, ఫాల్స్, ఫాలింగ్, ఫాలర్, ఫాలర్స్, ఫెల్ అని విడివిడిగా టైటిల్, అబ్‌స్ట్రాక్టులకు (పేపరు మొదట్లో ఉండే సారాంశాలకు) పరిమితం చేసి రాయండి. వాటికి ‘యాక్సిడెంటల్ ఫాల్స్’ అనే మెష్ పదాన్ని (పబ్‌మెడ్‌లో పేపర్లకు తగిలించే విషయ గుర్తును) ‘ఆర్’తో, అంటే ఏదున్నా సరే అనే అర్థంలో, కలపండి. మెష్ ఒక్కటే నమ్ముకుంటే ఇంకా ఇండెక్స్ కాని, అంటే ఆ గుర్తు పడని, కొత్త పేపర్లు జారిపోతాయి. ఈ వ్యూహాన్ని ఒక లైబ్రేరియన్‌కు చూపించండి. ఆ గంట పని వారం రోజుల తిప్పలు తప్పిస్తుంది.

ప్రశ్న: స్క్రీనింగ్ (వచ్చిన పేపర్లలో పనికొచ్చేవి ఏరడం) ఒక్కరే చేస్తే తప్పా?

జవాబు: తప్పు కాదు కానీ మూల్యం ఉంది. దీని మీదే జరిగిన ఒక ర్యాండమైజ్డ్ ట్రయల్ 2020లో వచ్చింది. అబ్‌స్ట్రాక్టులు ఒక్కరే చూసినప్పుడు పనికొచ్చే అధ్యయనాల్లో 13 శాతం తప్పిపోయాయి, ఇద్దరు చూస్తే 3 శాతమే. కాక్రేన్ ర్యాపిడ్ రివ్యూ బృందం 2020లో ఇచ్చిన మధ్యేమార్గం ఇద్దరున్న జట్టుకు సరిగ్గా సరిపోతుంది. ముందు 30 నుంచి 50 అబ్‌స్ట్రాక్టులు ఇద్దరూ విడిగా చూసి, తేడా వచ్చినచోట ఏది తీసుకోవాలో చెప్పే నియమాల మాటలు సరిదిద్దుకోవాలి. ఆపై కనీసం 20 శాతం ఇద్దరూ చూడాలి. మిగతావి ఒకరు చూస్తారు, ఆ ఒకరు ‘వద్దు’ అన్నవన్నీ రెండోవారు మళ్లీ చూస్తారు. ‘కావాలి’ అన్నవాటిలో పొరపాటున చేరింది పూర్తి పేపరు చదివేటప్పుడు ఎలాగూ బయటపడుతుంది. ‘వద్దు’లో పడిపోయింది మాత్రం మళ్లీ కనిపించదు.

గంటలు కూడా ముందే లెక్కేసుకోండి. అబ్‌స్ట్రాక్టుకు నిమిషం చొప్పున 1,200కి 20 గంటలు. ఎవరూ ఏకబిగిన 20 గంటలు చదవలేరు, అలసిన కన్ను అన్నిటికీ ‘వద్దు’ కొడుతుంది. పూర్తి పేపర్లకూ ఇదే పద్ధతి. అంకెలు ఒకరు ఎత్తిరాస్తే రెండోవారు పేపరుతో సరిచూడాలి. ముఖ్యంగా స్టాండర్డ్ ఎర్రర్‌ను (సగటు ఎంత కచ్చితమో చెప్పేది) స్టాండర్డ్ డీవియేషన్ (మనుషుల మధ్య తేడా ఎంతో చెప్పేది) గడిలో వేయకండి. వందమంది ఉన్న గ్రూపులో డీవియేషన్ 10 అయితే ఎర్రర్ 1. గడి మారిందా, ఆ ఒక్క ట్రయలే అతి కచ్చితమైనదిగా కనిపించి మెటా అనాలిసిస్‌నంతా (ట్రయల్స్ అన్నిటి ఫలితాలు కలిపి తీసే లెక్కనంతా) తనవైపు లాగేస్తుంది.

ప్రశ్న: ‘హ్యూమన్స్’ ఫిల్టర్, ‘గత ఐదేళ్లు’ ఫిల్టర్ పెట్టాను. సరేనా?

జవాబు: మొదటిది తీసేయండి. ఆ ఫిల్టర్ మెష్ గుర్తుల మీదే నడుస్తుంది కాబట్టి ఆ గుర్తులు ఇంకా పడని సరికొత్త పేపర్లను తోసేస్తుంది. ‘యానిమల్స్’ గుర్తు ఉండి ‘హ్యూమన్స్’ గుర్తు లేనివాటినే ‘నాట్’తో తప్పించండి. ఐదేళ్లన్నదానికి కారణం చెప్పగలరా? ఆ చికిత్స అప్పుడే వచ్చిందనో, పాత రివ్యూ అక్కడిదాకా వెతికిందనో చెప్పగలిగితే ఉంచండి. గుండ్రటి అంకె కారణం కాదు. ఇంగ్లిష్ పేపర్లే చాలనుకోవడం మామూలు వైద్య ప్రశ్నల్లో అంతగా దెబ్బతీయదు, సంప్రదాయ వైద్యాల విషయంలో మాత్రం తీస్తుంది.

ప్రశ్న: ర్యాపిడ్ రివ్యూను ప్రాస్పెరోలో (రివ్యూల ప్రణాళికలు ముందే నమోదు చేసే రిజిస్టరులో) నమోదు చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు. స్కోపింగ్ రివ్యూలను (ఒక అంశం మీద ఏయే పరిశోధనలు ఉన్నాయో చూపేవాటిని) మాత్రం తీసుకోరు. డేటా ఎత్తిరాయడం మొదలుపెట్టకముందే నమోదు చేసేయండి. టైటిల్‌లో ‘ర్యాపిడ్ రివ్యూ’ అనే రాయండి. ఏ మెట్టు దగ్గర ఏం తగ్గించారో, దానివల్ల ఏం తప్పిపోయి ఉండొచ్చో పద్ధతుల విభాగంలో ఒక్కో వాక్యం పెట్టండి. రివ్యూయర్లు మొదట వెతికేది అదే.