నిదరోస్, ట్రాండ్‌హైమ్: నీ వ్యాసం గురించి

తమ్ముడూ,

నార్వేలోని ట్రాండ్‌హైమ్ ఊరి పేరు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష హాయిగా ఉంది. కానీ "హైమ్ అంటే ఇల్లు, ట్రాండ్ అనే జనం ఇల్లు కాబట్టి ట్రాండ్‌హైమ్" అని మొదటి పేరాలోనే తేల్చేసి, ఊరి అందాల్లోకి వెళ్లిపోయావు. పేరుకు అర్థం చెప్పావు సరే, ఆ పేరు ఎవరు పెట్టారు, ఎవరు వద్దన్నారు? నాకు కావలసింది అది.

ట్రాండ్‌హైమ్ మొదట ఊరి పేరు కాదు. అక్కడి ఫియర్డ్, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, చుట్టూ ఉన్న సీమంతటి పేరు. ఊరిని కౌపాంగ్ అనేవాళ్లు, అంటే వ్యాపారం జరిగే చోటు. 997లో ఓలావ్ ట్రిగ్వసన్ రాజు దాన్ని నెలకొల్పాడని సాగాలు, అంటే పాత నార్స్ వీరగాథలు, చెబుతాయి. "చెబుతాయి" అనే రాయి, నువ్వే చూసినట్టు రాయకు. నిద్ నది సముద్రంలో కలిసే చోటు కాబట్టి నిదరోస్ అనే పేరూ ఉండేది. సీమ పేరు ఊరికి స్థిరపడింది ఆ తర్వాత ఎప్పుడో, మెల్లగా.

ఇక 1930. "కొంతకాలం నిదరోస్ అని పిలిచారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. వ్యాసానికి ప్రాణం అక్కడ ఉంది తమ్ముడూ! డెన్మార్క్ ఏలుబడిలో స్థిరపడిన రూపం ట్రాండ్‌యెమ్. స్వతంత్ర నార్వేలో పాత పేర్లు తిరిగి రావాలన్న పట్టుదల పెరిగింది. 1925లో రాజధాని క్రిస్టియానియా ఓస్లో అయింది. తర్వాత ఈ ఊరి వంతు. 1928లో ఊళ్లో ఓటు పెడితే నిదరోస్ కావాలన్నవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. అయినా పార్లమెంటు వినలేదు. 1930 జనవరి 1 నుంచి ఊరు నిదరోస్ అయింది, జనం వీధుల్లోకి వచ్చారు. 1931 మార్చిలో పాత పేరు తిరిగి ఇచ్చారు, కానీ డేనిష్ "యెమ్" తీసేసి నార్వేజియన్ "హైమ్" పెట్టారు. నువ్వు మొదటి పేరాలో ఇల్లు అని చెప్పి వదిలేసిన ఆ "హైమ్" ఒక రాజీ!

సెయింట్ ఓలావ్ (ఊరు నెలకొల్పిన ఓలావ్ కాదు, తర్వాతి రాజు) కోసం వచ్చిన యాత్రికులు, ఆర్చ్‌బిషప్పులు, అంత వైభవం చూసిన పేరు నిదరోస్. దాన్ని సొంత ఊరివాళ్లే ఎందుకు వద్దన్నారు? తాతల కాలం నుంచి నోట్లో నానిన పేరును రాజధానిలో కూర్చున్నవాళ్లు తమను కాదని మార్చేశారన్న కోపం అది అని నాకనిపిస్తుంది. నువ్వు ఒప్పుకోకపోతే ఎందుకో వాదించు, కానీ తప్పించుకోకు.

నిదరోస్ పేరు అక్కడి కేథడ్రల్‌కీ, బిషప్ మండలానికీ ఇప్పటికీ ఉంది. ఆ సంగతి 1931 పక్కనే రావాలి. పడవలు, రంగుల గోదాముల వర్ణన రెండు పేరాలు ఉంది, మూడు వాక్యాలు చాలు. తిరగరాసి పంపు, టెన్షన్ పడకు. నేను చదువుతాను.

మీ అన్నయ్య