కెనడా పప్పు, మన సంతలో చోళ్ళు

ప్రశ్న: బరంపురంలో చదువుతున్న మా అబ్బాయి సెలవులకొచ్చాడు. మేం వండే ఎర్రపప్పు కెనడా నుంచి ఓడలో వస్తుందట. అంత దూరం నుంచి తెచ్చుకుంటే భూమి వేడెక్కుతుందనీ, ఇక్కడ పండినవే తినాలనీ పోరుతున్నాడు. నిజమేనా?
— ఒక తల్లి, గుణుపురం

జవాబు: మీవాడి బెంగ మంచిదేనమ్మా, లెక్కే సగం చూశాడు. తిండి వల్ల వెలువడి భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా ప్రపంచం మొత్తమ్మీద 6 శాతం దగ్గరే ఉంటుందని 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చెబుతోంది. ఓడ ఒక్కసారే వేల టన్నులు మోస్తుంది. అదే సరుకు విమానమెక్కితే సుమారు 50 రెట్లు పొగ. పప్పులు విమానమెక్కవు కదా.

మరి మన వరి సంగతి? పర్లాకిమిడి దగ్గర మా మళ్ళలో కాలు పెడితే బురదలోంచి బుడబుడమని బుడగలొచ్చేవి. చిన్నప్పుడు వాటిని తొక్కుతూ ఆడుకునేవాళ్ళం. అందులో ఉండేది భూమిని వేడెక్కించే మీథేన్ వాయువేనని వ్యవసాయ శాఖలో చేరాకే తెలిసింది. నిల్వనీటి కింద గాలి ఆడక, కుళ్ళే గడ్డీ వేళ్ళ నుంచి పుడుతుంది. అందుకే కిలో బియ్యానికి ప్రపంచ సగటున 4 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వాయువులు వస్తాయి. పప్పులకు, రవాణా కలిపినా, ఒకటి రెండు కిలోలే.

వరి మానమని నేననను. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి నీళ్ళు పెడితే మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది. మా రైతులకు ఏళ్ళ తరబడి ఇదే చెప్పాను. నీళ్ళు తన చేతిలో ఉన్న రైతే అది చేయగలడు, కాలవ చివరివాడి బాధ వేరు.

అబ్బాయి పట్టుబట్టాల్సింది నూనె గురించి. ఇండోనేషియా, మలేషియాల్లో అడవులు కొట్టేసి వేసిన తోటల నుంచి కూడా మనకు పామాయిలు వస్తోంది. అక్కడ నష్టం నేల మీదే జరిగిపోయింది, ఓడ దానికి కలిపేది కొంచెమే.

దగ్గరలో పండి, మడి నీళ్ళు అక్కర్లేనివి కావాలంటే సవర ఆడవాళ్ళు సంతకు తెచ్చే చోళ్ళు, అంటే రాగులు, ఉన్నాయి. వానకే పండుతాయి. ఒడిశాలో 2017లో మిల్లెట్ మిషన్ మొదలయ్యాక మద్దతు ధరకూ కొంటున్నారు. ఆ ధర దక్కకపోతే మెట్ట మీద కూడా వేరే పంటే వస్తుందని నా భయం. వచ్చే సంతలో బేరమాడకుండా ఓ కుంచం కొనండి. రాళ్ళుంటాయి, చెరిగే పని మీవాడికి అప్పజెప్పండి. పిండి రాత్రే నానబెట్టి, పొద్దున్న గంజిలో కాచి, చల్లారాక ఉల్లిపాయతో అంబలి పెట్టండి. ఎర్రపప్పూ మానకండి.