నీ వ్యాసమూ ఒక బోర్డే

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. నీళ్లు వృథా అవుతుంటే నువ్వు పడే బాధ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ మొదటి వాక్యం దగ్గరే నాకు టెన్షన్ పట్టుకుంది. 'ఈ రోజుల్లో ఎవరికీ ప్రకృతి పట్టడం లేదు' అన్నావు. అది తీసెయ్యమ్మా.

అమెరికాలోని అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే నేషనల్ పార్కు ఉంది. కోట్ల ఏళ్ల నాటి చెట్లు అక్కడ రాళ్లయి పడివుంటాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు కొందరు ముక్కలు జేబులో వేసుకుని పోతుంటారు. రాబర్ట్ సియాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం అక్కడి దారుల వెంట గుర్తు పెట్టిన ముక్కలు ఉంచి, రకరకాల బోర్డులు పెట్టి చూశారు. ఒక బోర్డు మీద, చాలామంది ముక్కలు పట్టుకుపోవడం వల్ల అడవి రూపమే మారిపోతోందని రాశారు. పక్కన ముక్కలు ఏరుకుంటున్న ముగ్గురి బొమ్మ. ఇంకో బోర్డు మీద 'దయచేసి తీసుకెళ్లకండి' అన్న విన్నపం. ముక్క తీస్తున్న ఒక్క మనిషి బొమ్మ, అతని చేతి మీద 'వద్దు' అని చెప్పే ఎర్రటి సున్నా, అడ్డగీత.

మొదటి బోర్డు ఉన్నప్పుడు దాదాపు 8 శాతం ముక్కలు పోయాయి. రెండోది ఉన్నప్పుడు 2 శాతం లోపే.

ఆ మొదటిది ఎంతో ఆవేదనతో రాసిన బోర్డు! చదివినవాళ్లకు మాత్రం 'అందరూ చేసేదేగా' అని వినిపించింది. నీ మొదటి వాక్యం కూడా అలాంటి బోర్డే.

2007లో వెలువడిన ఇంకో అధ్యయనం ఉంది. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో ఇంటింటికీ వాళ్ల కరెంటు వాడకం, ఇరుగుపొరుగు సగటు రాసి ఇచ్చారు. ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు, తక్కువ వాడేవాళ్లు పెంచేశారు. అదే కాగితం మీద పొదుపరులకు ఒక నవ్వు ముఖం బొమ్మ గీసి ఇస్తే ఆ పెరుగుదల కనబడలేదు. అంత చిన్న మెప్పు చాలు మనిషికి. నాకు ఇది ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

నష్టాన్ని దాచమనడం లేదు. ఎన్ని నీళ్లు పోతున్నాయో లెక్కతో సహా రాయి. ఈ అధ్యయనాలు వాడుకుంటే అవి ఎక్కడ జరిగాయో కూడా రాయి, ఒక పార్కులో తేలింది కదా అని లోకమంతా ఇంతే అనకు.

మూడో పేజీలో ఒక పెద్దాయన గురించి రాశావు చూడు, ఎవరో వదిలేసిన కుళాయి కట్టెయ్యడానికి నాలుగు మెట్లు వెనక్కి దిగాడని. వ్యాసం అక్కడ మొదలుపెట్టి మళ్లీ పంపు.