ఆ పీట ఎవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. పాత బట్టల మిల్లులో పెట్టిన ఆ మ్యూజియం నీ మనసులోంచి పోవడం లేదని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాయాలనిపించింది.

నీ వ్యాసంలో యంత్రాలున్నాయి, వాటి బరువులున్నాయి, తయారైన సంవత్సరాలున్నాయి. అవన్నీ అక్కడి బోర్డుల మీద ఉన్నవే. మనిషి మాత్రం ఎక్కడా కనబడలేదు. 'గతంలోకి అడుగుపెట్టినట్టు అనిపించింది' అన్నావు. ఎవరి గతంలోకి తల్లీ? ఆ యంత్రం ముందు పొద్దంతా నిలబడినవాళ్లకి అది మామూలు మంగళవారం అయ్యుంటుంది.

ఇలాంటి మ్యూజియంలో ఏ వస్తువు ముందు ఆగినా నేను ముందుగా ఒక్కటే చూసుకుంటాను. పనిచేసిన మనిషి ఎక్కడ నిలబడేది? చేతులు ఎక్కడ పెట్టేది, కళ్లు ఎటు చూసేవి, నోరు ఏం చేసేది? నోటికేం పని అనుకుంటున్నావేమో, మగ్గంలో అటూ ఇటూ పోతూ అడ్డదారం వేసే నాడె సంగతి చెప్తాను.

మిల్లు మగ్గం మీద నాడెలో కండె, అంటే దారం చుట్టిన చిన్న గొట్టం, అయిపోతే కొత్త కండె పెట్టాలి. దాని దారం కొసని నాడె పక్కనున్న చిన్న రంధ్రంలోంచి బయటికి లాగాలి. మగ్గం ఆగినంతసేపూ కూలి పోతుంది కాబట్టి, ఆ రంధ్రాన్ని పెదాలకి ఆనించి ఒక్క ఊపున పీల్చేవాళ్లు. దారంతో పాటు నూలు దుమ్మూ వచ్చి నోట్లో పడేది. అదే నాడె ఇంకొకరి నోటికీ తగిలేది, దాంతో జబ్బులు పాకేవి. ఇంగ్లండ్, అమెరికా మిల్లుల్లో ఈ పనిని 'నాడెని ముద్దుపెట్టుకోవడం' అనేవాళ్లు. మసాచుసెట్స్ రాష్ట్రం 1911లో చట్టం తెచ్చి దీన్ని మాన్పించింది. ఇది తెలిశాక అద్దాల పెట్టెలోని నాడె దగ్గరికి మళ్లీ వెళ్లి చూడు. జానెడు కన్నా ఎక్కువ పొడవున్న చెక్క ముక్క, రెండు కొసలా ఇనప మొన, పక్కన ఆ చిన్న కన్నం. నీ కన్ను తిన్నగా ఆ కన్నం మీదికే పోతుంది. నీ వ్యాసం అక్కడ మొదలవ్వచ్చు.

శబ్దం గురించి నువ్వు రాసిన 'చెవులు చిల్లులు పడే హోరు' అన్న మాట తీసేయమంటాను. అమెరికాలో ఆ మసాచుసెట్స్ రాష్ట్రంలోనే లోవెల్ అనే ఊళ్లో, బూట్ కాటన్ మిల్స్ మ్యూజియంలో పాత మగ్గాలను ఇప్పటికీ నడిపి చూపిస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్లకి ఇయర్‌ప్లగ్స్ ఇస్తారు. కొన్ని నిమిషాలు ఉండి వెళ్లేవాళ్లకే అవి కావాల్సి వస్తే, ఏళ్ల తరబడి అక్కడే బతికినవాళ్ల మాటేమిటి? ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నేత కార్మికులు పెదాల కదలికని బట్టి మాట అర్థం చేసుకునేవాళ్లు. మాట్లాడేవాళ్లు ఒక్కో మాటకీ నోరు బాగా సాగదీసి, పెదాలు పెద్దగా కదిలించేవాళ్లు. మగ్గాల వరస అవతల నుంచి ఒకావిడ నోరు అలా కదుపుతుంటే ఇవతల ఇంకొకావిడ నవ్వుతోందనుకో. హోరు అన్న మాట వాడకుండానే హోరు వినిపించావు.

విశేషణాల దగ్గర ఇంకాస్త ఆగుతాను, నాకు మొదటి పదేళ్లూ ఉన్న జబ్బు అదే. 'దారుణం', 'దయనీయం', 'హృదయవిదారకం', నీ వ్యాసంలో మూడూ ఉన్నాయి. బ్రిటన్ గనుల్లో పిల్లల పని మీద 1842లో అచ్చయిన విచారణ నివేదికలో శారా గూడర్ అనే ఎనిమిదేళ్ల పిల్ల వాంగ్మూలం ఉంది. గనిలో గాలి దారి మళ్లించడానికి తలుపులుండేవి. బొగ్గు బండి వచ్చినప్పుడు తలుపు తీసి, వెళ్లాక మూయడం ఆ పిల్ల పని. ఇందులో అలసటేమీ లేదంది. దీపం లేకుండా కూర్చోవాలి, భయమేస్తుందంది. తెల్లవారుజామున నాలుగింటికి, ఒక్కోసారి మూడున్నరకే వెళ్తానంది. వెలుతురుంటే అప్పుడప్పుడు పాడుకుంటానని, చీకట్లో మాత్రం పాడే ధైర్యం లేదని చెప్పింది. ఒక్క విశేషణం లేదు చూడు. ఎన్నోసార్లు చదివాను, ఆ పాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది. ఆ ఏడాదే పదేళ్లలోపు మగపిల్లల్నీ, ఆడవాళ్లందర్నీ గని లోపలి పనికి తీసుకోకూడదని చట్టం వచ్చింది.

వేల్స్‌లోని బ్లేనావన్‌లో బిగ్ పిట్ అనే బొగ్గు గని 1980లో మూతపడి, 1983లో మ్యూజియంగా తెరుచుకుంది. గనుల్లో పనిచేసినవాళ్లే గైడ్లుగా ఉండి, హెల్మెట్, దీపం ఇచ్చి దాదాపు 90 మీటర్ల కిందికి తీసుకెళ్లేవాళ్లు. అగ్గిపెట్టె, బ్యాటరీ ఉన్న వస్తువులు పైనే అప్పగించాల్సి వచ్చేది. కింద ఒకచోట అందరి దీపాలూ ఆర్పమనేవాళ్లు. శారా గూడర్ కూర్చున్న చీకటి అలాంటిదే.

అలాంటి పాత కార్మికుడు నువ్వు వెళ్లిన చోటా ఒకాయన ఉన్నాడని రాశావు. రెండే వాక్యాలు రాసి వదిలేశావు. మళ్లీ వెళ్లు. 'మీ అనుభవాలు చెప్పండి' అని అడగొద్దు, అలా అడిగితే అందరికీ చెప్పేదే చెప్తారు. 'దారం తెగితే ఎలా కలిపేవారో చేసి చూపిస్తారా' అని అడుగు. ఉత్త గాల్లోనే ఆయన వేళ్లు ఆ పని చేస్తాయి, చేస్తూ చేస్తూ మాటలు వాటంతటవే వస్తాయి. సంవత్సరం తప్పు చెప్తే నలుగురి ముందు దిద్దకు. తర్వాత రికార్డులు చూసుకో. పేరు రాయాలంటే ముందు అడిగి రాయి.

రికార్డుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, అవి చాలావరకు యజమాని ఆఫీసులో రాసినవే. జీతాల పుస్తకం, జరిమానాల పుస్తకం దొరికితే వదలకు. ఆలస్యానికి, మాట్లాడినందుకు కోసిన డబ్బుల లెక్కలో కూడా మనిషి ఉంటాడు.

ఇక అసలు విషయం. నీ వ్యాసం నాలుగో పేజీలో, ఒక వాక్యం చివర, 'పక్కన ఒక చిన్న చెక్క పీట కూడా ఉంది' అని రాసి ముందుకెళ్లిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను. అమెరికా మిల్లుల్లో పిల్లల ఫోటోలు తీసిన లూయిస్ హైన్, 1909లో జార్జియాలో కొందరు పిల్లల్ని చూశాడు. తెగిన దారం కలపడానికి ఎత్తు చాలక వాళ్లు యంత్రం మీదికే ఎక్కేవాళ్లు. హైన్ తన కోటు గుండీల వరసని బట్టి పిల్లల ఎత్తు అంచనా కట్టి, జేబులో చెయ్యి పెట్టుకునే గుట్టుగా రాసుకునేవాడని చెప్తారు.

నువ్వు చూసిన పీట పెద్దవాళ్లు కాసేపు కూర్చోడానికి వేసుకున్నదీ కావచ్చు, ఎవరో ఎక్కి నిలబడిందీ కావచ్చు. ముందే ఊహించి రాసెయ్యకు. కొలత టేపు తీసుకెళ్లు. పీట ఎత్తెంత, యంత్రం మీద చెయ్యి అందాల్సిన చోటు ఎంత ఎత్తులో ఉంది, పీట పైభాగం మధ్యలో అరిగిందా, అంచు దగ్గర అరిగిందా చూడు. ఆ పెద్దాయన్ని అడుగు. వచ్చాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.