లోన్ పెట్టి వాకింగ్ మొదలుపెట్టేవాళ్ళకి: ముందు సొంత పాలసీ తీసుకోండి

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు, విశాఖలో ప్రైవేట్ ఉద్యోగం. చేతికి 92 వేలు వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ 28 వేలు, 5 లక్షల చీటీకి నెలకి 10 వేలు, ఇంటి ఖర్చు పిల్లల చదువులు కలిపి 40 వేలు. బ్యాంకులో 60 వేలున్నాయి. ఈమధ్య నా వయసు కొలీగ్‌కి హార్ట్ ఎటాక్ వచ్చింది, అప్పట్నుంచి భయం పట్టుకుంది. ఆరోగ్యంగా ఎక్కువ కాలం బతకడానికి లాంజెవిటీ రొటీన్ మొదలుపెడదామని లిస్టు రాసుకున్నా: ట్రైనర్‌తో జిమ్ ఏడాది ప్యాకేజీ 84 వేలు, ట్రెడ్‌మిల్ 65 వేలు, స్మార్ట్ వాచ్ 30 వేలు, జీన్ టెస్టులతో ఫుల్ బాడీ ప్యాకేజీ 45 వేలు, సప్లిమెంట్స్ నెలకి 6 వేలు. మూడేళ్ళకి 3 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి ఇస్తామంటున్నారు. లోన్ తీసుకోనా, చీటీ పాడుకోనా? ఆఫీసు ఇన్సూరెన్స్ 4 లక్షలు ఉంది. పోయినేడాది ఆఫీసు చెకప్‌లో ఫాస్టింగ్ షుగర్ 112 వచ్చింది, సొంత పాలసీ తీసుకున్నా అది రాయొద్దని ఏజెంట్ అంటున్నాడు. అమ్మ (71) మాతోనే ఉంటుంది.

జవాబు: లోనూ వద్దు, చీటీ పాటా వద్దు. మీలాంటి ఉత్తరాలు ఈమధ్య ఎక్కువయ్యాయి కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నా. నలభై ఐదు దాటగానే తెలిసినవాళ్ళెవరికో గుండెపోటు వస్తుంది, ఆ భయంలో వారం తిరక్కుండా ఓ పెద్ద లిస్టు తయారవుతుంది, ఆ లిస్టులో కొనేవన్నీ ఉంటాయి గానీ హాస్పిటల్ బిల్లు ఎవరు కడతారన్నది మాత్రం ఉండదు.

ముందు మీ లెక్కే చూద్దాం. 78 వేలు పోగా నెలకి 14 వేలు మిగులుతోంది. 3 లక్షలకి 14 శాతం మీద మూడేళ్ళ ఈఎంఐ 10,250 దాకా పడుతుంది, వడ్డీయే సుమారు 69 వేలు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఇక చేతిలో ఉండేది 3,750. జిమ్ ప్యాకేజీ ఏడాదికి అయిపోతుంది, సప్లిమెంట్స్‌కి మీరు లెక్కేసుకున్న డబ్బు కూడా ఏడాదికే, ఈఎంఐ మాత్రం ఇంకో రెండేళ్ళు నడుస్తుంది, అప్పుడు ఆ 3,750లోంచి నెలకి 6 వేల మాత్రలు ఎలా కొంటారో మీరే చెప్పండి. క్రెడిట్ కార్డ్ గీకుతారు, అంతేగా! కార్డ్ బాకీ మీద ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా వడ్డీ పడుతుంది. బీపీ తగ్గించుకోడానికి మొదలుపెట్టిన పని బీపీ పెంచుతుంది. వాచ్ నో కాస్ట్ ఈఎంఐలో వస్తుందని కూడా అనుకోకండి, జీరో వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకి చెప్పింది.

చీటీ ఇప్పుడు పాడుకోవడం కూడా అప్పు చేసినట్టే, తగ్గింపుకి పాడుకుని మిగతా నెలలన్నీ కట్టుకుంటూ పోవాలి. చివరి దాకా ఉంచండి, ఆ డబ్బుకి వేరే పని ఉంది, కింద చెప్తా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉందిగా అంటున్నారు, ఉద్యోగం ఉన్నన్నాళ్ళే అది ఉంటుంది. ప్రైవేట్‌లో 52కో 55కో ఉద్యోగం పోతే ఆ వయసులో, అప్పటికి షుగర్, బీపీ ఖాయమైపోయాక, కొత్తగా పాలసీ అడిగితే ప్రీమియం ఎక్కువ చెప్తారు, ఒక్కోసారి ఇవ్వమనేస్తారు. ఇచ్చినా పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే ఆ గడువు దాటేదాకా వాటికి క్లెయిమ్ రాదు. 2024 ఏప్రిల్ నుంచి అది గరిష్ఠంగా మూడేళ్ళు, అంతకుముందు నాలుగు ఉండేది. ఆ మూడేళ్ళ లెక్క మీరు పాలసీ కొన్న రోజే మొదలవుతుంది, ఆఫీసు పాలసీలో ఎన్నేళ్ళు ఉన్నా కొత్త కంపెనీ దగ్గర నేరుగా తీసుకునే పాలసీకి మామూలుగా అది కలవదు. ఇప్పుడు తీసుకుంటే 50కల్లా మీకు పాత జబ్బులకి కూడా కవర్ ఉంటుంది, 55లో తీసుకుంటే 58 దాకా దేవుడి మీద భారం వేసి కూర్చోవాలి. ఆరోగ్యంగా ఎక్కువ కాలం బతకాలనుకునేవాడు మొట్టమొదట కొనాల్సింది ఈ మూడేళ్ళ టైమ్. మీ లిస్టులో లేనిది అదొక్కటే.

ఏజెంట్ మాట అస్సలు వినకండి. ఫాస్టింగ్ 100 నుంచి 125 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, మీ 112 అందులోకే వస్తుంది, ఆఫీసు రికార్డులో ఉంది. రాయకపోతే రేపు స్టెంట్ వేయించుకున్న రోజు కంపెనీ పాత రిపోర్టులు తవ్వుతుంది, క్లెయిమ్ కొట్టేస్తుంది, అప్పుడు ఏజెంట్ ఫోన్ ఎత్తడు. పాలసీ ఐదేళ్ళు నడిచాక పాత విషయాలు దాచారని క్లెయిమ్ కొట్టేయకూడదన్న నియమం ఉంది, దాన్ని మారటోరియం అంటారు, అది దాటాక అడగరులే అని కొందరు ధైర్యం చెప్తారు, మోసం అని రుజువైతే ఆ రక్షణ కూడా ఉండదు. 112 అని రాయండి, లోడింగ్ (అదనపు ప్రీమియం) వేస్తే వెయ్యనివ్వండి.

పది లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంట్లోవాళ్ళందరికీ కలిపి ఒకే కవర్) చూడండి, భారం అనిపిస్తే ఐదు లక్షల బేస్ పాలసీ, ఆ ఐదు లక్షలు దాటిన బిల్లుకి సూపర్ టాపప్. ప్రీమియం కంపెనీని బట్టి మారుతుంది, ప్రస్తుతానికి ఏడాదికి 30 వేలు అనుకుని పక్కన పెట్టుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు, ఇంకా ఎందుకు ఆలోచిస్తున్నట్టు? అమ్మగారిని ఇందులో కలపకండి, ప్రీమియం పెరిగిపోతుంది. 70 దాటిన వాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షల దాకా, ముందు అది చేయించండి.

రెండోది ఎమర్జెన్సీ ఫండ్. నెలకి 78 వేలు ఖర్చున్న ఇంట్లో 60 వేలు అంటే నెల కూడా గడవదు! ఆరు నెలలకి 4 లక్షల 68 వేలు కావాలి. లోన్‌కి కట్టడానికి సిద్ధపడ్డ ఆ 10,250 ఉంది చూశారా, అందులో 2,500 ప్రీమియంకి తీసి, మిగతా 7,750 నెలనెలా ఆర్‌డీలో వేయండి. ఏడాదికి 93 వేలు అవుతుంది, ఉన్న 60 వేలతో కలిపి రెండు నెలల ఖర్చు చేతిలో ఉన్నట్టు. చీటీ పూర్తయ్యాక ఆ డబ్బు కూడా నేరుగా ఇందులోకే, కారు డౌన్‌పేమెంట్‌కి కాదు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్ళకి డబ్బిచ్చే జీవిత బీమా) గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, హోమ్ లోన్ ఉంది కాబట్టి అది లేకపోతే ఈ నెలలోనే చూసుకోండి. సిప్‌లు, ఎన్‌పీఎస్ లాంటి పెట్టుబడులు తర్వాత.

మరి రొటీన్ సంగతేంటంటే, నేను డాక్టర్‌ని కాదు గానీ మీరుండేది విశాఖలో, ఆర్కే బీచ్ రోడ్డు పెట్టుకుని 65 వేలు పోసి ట్రెడ్‌మిల్ దేనికండీ? డబ్ల్యూహెచ్‌వో చెప్పేది వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకి పని. నడక ఫ్రీ. జిమ్ కావాలంటే నెలనెలా కట్టండి, మూడు నెలలు ఆగకుండా వెళ్తే అప్పుడు ప్యాకేజీ గురించి మాట్లాడదాం. ప్రొటీన్ పౌడర్లు వద్దని హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2024 గైడ్‌లైన్స్‌లో చెప్పారు, మిగతా మాత్రలు డాక్టర్ రాస్తేనే. జీన్ టెస్టులు పక్కన పెట్టి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ (కొలెస్ట్రాల్), బీపీ చూపించుకోండి. మీకు 112 వచ్చి ఏడాదైంది, మళ్ళీ చూపించుకున్నట్టు ఎక్కడా రాయలేదు. ఈ వారమే వెళ్ళండి, పాలసీ కోసం దాన్ని ఆపొద్దు, ఏం వస్తే అదే ఫారంలో రాద్దురు.

పాలసీ వచ్చాక దాంతోపాటు ప్రపోజల్ ఫారం కాపీ పంపిస్తారు. షుగర్ కాలమ్ దగ్గర ఏం రాసి ఉందో మీ కళ్ళతో చూసుకోండి, ఏజెంట్ "లేదు" అని టిక్ పెట్టేసి ఉంటే వెంటనే కంపెనీకి మెయిల్ పెట్టి సరిచేయించండి. వాళ్ళు చెప్పే కొత్త షరతులు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి 30 రోజుల ఫ్రీ లుక్ ఉంది.