పెద్దపేగు క్యాన్సర్: ఆపరేషన్ తర్వాత జీన్ పరీక్ష చేయించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పెద్దపేగులో గడ్డ ఉంటే మూడు వారాల క్రితం ఆపరేషన్ చేసి తీశారు. రెండో దశ క్యాన్సర్ అన్నారు. కీమో ఇవ్వొచ్చు, ఇవ్వకపోయినా ఫర్వాలేదంటున్నారు. అమెరికాలో ఉన్న మా అన్నయ్యేమో జీన్ ఎక్స్‌ప్రెషన్ పరీక్ష చేయిస్తే క్యాన్సర్ తిరగబెడుతుందో లేదో తేలిపోతుందంటున్నాడు. చేయించమంటారా డాక్టర్ గారూ?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: డబ్బు కట్టే ముందు నాన్నగారి బయాప్సీ రిపోర్టు ఒకసారి తీసి చూడండమ్మా. అందులో ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అన్న నాలుగు పేర్లున్నాయా? అది ఎంఎంఆర్ పరీక్ష, డీఎన్ఏలోని తప్పుల్ని సరిదిద్దే నాలుగు ప్రొటీన్లు గడ్డలో ఉన్నాయో లేదో చూస్తుంది. చేయకపోతే వెంటనే అడగండి. ల్యాబ్‌లో మైనంలో దాచిన గడ్డ ముక్క (బ్లాక్) మీదే చేస్తారు, మళ్లీ ముక్క తీయక్కర్లేదు. జీన్ పరీక్షతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఈ నాలుగింటిలో ఏదైనా ‘లాస్’ (ఆ ప్రొటీన్ లేదు) అని వస్తే, రెండో దశలో అది సాధారణంగా మంచి కబురే. తిరగబెట్టే ముప్పు తక్కువ, 5-ఎఫ్‌యూ అనే మందు ఒక్కటే ఇచ్చే కీమోతో ఒరిగేదేమీ ఉండదు.

ఇక మీ అన్నయ్య చెప్పిన పరీక్ష. ఇలాంటివాటిలో ఎక్కువ పేరున్న ఆంకోటైప్ డీఎక్స్ కోలన్‌లో గడ్డలోని 12 జన్యువులు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో కొలిచి ఒక స్కోరు ఇస్తారు. బ్రిటన్‌లో జరిగిన క్వాసర్ ట్రయల్‌లో కీమో లేకుండా ఆపరేషన్ ఒక్కటే అయినవాళ్లను చూస్తే, మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టింది తక్కువ స్కోరువాళ్లలో 12 శాతం మందికి, ఎక్కువ స్కోరువాళ్లలో 22 శాతం మందికి. అంటే ఎక్కువ స్కోరు వచ్చినా నూటికి 78 మందికి ఆ మూడేళ్లలో తిరగబెట్టలేదు. తక్కువ వచ్చినా ముప్పు పూర్తిగా పోలేదు. తేలిపోతుందనడం అతిశయోక్తి.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ స్కోరు ముప్పెంతో చెబుతుంది గానీ, కీమో ఈ మనిషికి పనిచేస్తుందో లేదో చెప్పదు. అదే ట్రయల్‌లో ఆ సంగతీ చూశారు, తేల్చలేకపోయారు. స్కోరు ఎక్కువొస్తే ఇంట్లో టెన్షన్ మాత్రం ఖాయం.

అందుకే నేనైతే ముందు రిపోర్టులోని మామూలు వివరాలే చూస్తాను. గడ్డ టీ4 వరకూ, అంటే పేగు బయటి పొరను దాటి వెళ్లిందా, పరీక్షించిన లింఫ్ గ్రంథులు 12 కంటే తక్కువా, పేగుకు అడ్డంపడటమో చిల్లు పడటమో జరిగిందా? ఎంఎంఆర్ మామూలుగా ఉండి వీటిలో ఏదైనా ఉంటే, ముఖ్యంగా టీ4 అయితే, కీమో వైపు మొగ్గుతాం. ఏవీ లేకపోతే సీఈఏ రక్తపరీక్ష, సీటీ స్కాన్, ఆపరేషన్ అయిన ఏడాదికి ఒక కొలనోస్కోపీతో కనిపెట్టుకుని ఉండటం తప్పేం కాదు.

అన్నయ్య ఖర్చు పెట్టి తీరతానంటే సీటీడీఎన్ఏ అనే రక్తపరీక్ష గురించి మీ డాక్టర్‌ను అడగండి. ఒంట్లో మిగిలిన క్యాన్సర్ ఆనవాళ్లను అది రక్తంలో వెతుకుతుంది. ఆస్ట్రేలియాలో చేసిన డైనమిక్ ట్రయల్‌లో దీన్ని బట్టి నిర్ణయిస్తే రెండో దశలో కీమో 28 శాతం మంది నుంచి 15 శాతానికి తగ్గింది, రెండేళ్ల ఫలితాల్లో తేడా రాలేదు. ఏం చేసినా త్వరగా తేల్చుకోండి. కీమో ఇవ్వాలనుకుంటే ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు మొదలుపెట్టడం మంచిది.

ఒక్క మాట. ఎంఎస్‌హెచ్2 గానీ ఎంఎస్‌హెచ్6 గానీ ‘లాస్’ అని వస్తే, అది వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ కావచ్చు. అప్పుడు మీరూ మీ అన్నయ్యా కూడా జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లాలి.